బొడ్డుతాడు రక్తం దాచాలా? అంతకన్నా ముందు మీ ఇద్దరి రక్తం పరీక్ష చేయించుకోండి

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. నాకిప్పుడు ఎనిమిదో నెల, రెండో కాన్పు. పెద్దపాపకి నాలుగేళ్లు, మామూలు కాన్పే అయింది. పుట్టిల్లు ఆమదాలవలస కావడంతో ఈసారి కాన్పు శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో అనుకున్నాం. స్కానింగ్‌కి వెళ్లినప్పుడు అక్కడే ఒక ఏజెంటు కలిశారు. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు రక్తం తీసి చెన్నైలో దాస్తామని, అది 80 రోగాలకి పనికొస్తుందని చెప్పారు. మొత్తం 72 వేలు. ముందు 12 వేలు, మిగతాది నెలకి 2,500 చొప్పున 24 నెలల ఈఎంఐ. మాది మేనరికం, మావయ్యగారు మా అమ్మకి తోడబుట్టినవారే. ఆయనకి కిడ్నీలు పాడై డయాలసిస్ చేయిస్తున్నాం. పాలకొండలో ఉన్న మా వదిన కొడుక్కి ఏడేళ్లు, సికిల్ సెల్ జబ్బు. బిడ్డతో పాటు వీళ్లిద్దరికీ కూడా ఆ రక్తం ఉపయోగపడుతుందన్నారు. ఫారం నింపి 2,000 కట్టేశాం. డాక్టరమ్మని అడిగితే మీ ఇష్టం అన్నారు. అత్తమ్మేమో డబ్బు పోతే పోయింది, గుంటడు బాగుంటే చాలు అంటోంది. దాచమంటారా? లేక ఎవరికైనా దానం చేయొచ్చా? రక్తం తీస్తే బిడ్డకి నీరసం రాదు కదా?

సమాధానం: అమ్మా, మీరు అడిగిన మూడింటికీ జవాబు చెప్తాం. కానీ మీ ఉత్తరంలో వీటన్నిటికన్నా తొందరగా చూడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. మీ వదినగారి అబ్బాయికి సికిల్ సెల్. మీది మేనరికం. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే ఈ సికిల్ సెల్ జబ్బు రావాలంటే బిడ్డకి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు దెబ్బతిన్న జన్యువులు రావాలి. కాబట్టి మీ వదినగారి దగ్గర కనీసం ఒకటి ఉంది. ఆవిడకి అది మీ మావయ్యగారి నుంచో అత్తమ్మ నుంచో వచ్చి ఉండాలి. అదే తల్లిదండ్రులకి పుట్టిన మీ ఆయనకి కూడా ఆ జన్యువు ఉండే అవకాశం కనీసం సగానికి సగం. అది మావయ్యగారి వైపు నుంచి వచ్చిందైతే ఆయన మీ అమ్మగారికి తోడబుట్టినవారు కాబట్టి మీ అమ్మగారికీ, ఆవిడ నుంచి మీకూ వచ్చి ఉండొచ్చు. ఒక్క జన్యువే ఉన్నవాళ్లకి జబ్బు ఉండదు, లక్షణాలూ కనబడవు, హాయిగా పనులు చేసుకుంటారు. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు. ఇద్దరికీ ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు అవకాశం బిడ్డకి జబ్బుగా వస్తుంది.

ఈ వారంలోనే మీరూ మీ ఆయనా హెచ్‌పీఎల్‌సీ అనే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. ఊదారంగు మూత గొట్టంలో రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీస్తారు. పరగడుపున ఉండనక్కర్లేదు. దానితో పాటే రక్తకణాల లెక్క చూసే సీబీసీ కూడా రాయించుకోండి. రెండింటికీ కలిపి అయ్యేది ఒక నెల ఈఎంఐ పాటి ఖర్చే. గడిచిన మూడు నెలల్లో ఎవరికైనా రక్తం ఎక్కించి ఉంటే ఆ మాట ల్యాబులో ముందే చెప్పాలి, ఎక్కించిన రక్తం కూడా కలిసి ఫలితం తప్పుగా వస్తుంది. కొన్నిచోట్ల సాల్యుబిలిటీ పరీక్ష ఒక్కటే చేసి పంపేస్తారు. అందులో సికిల్ హిమోగ్లోబిన్ ఉందో లేదో తెలుస్తుంది గానీ ఒక్క జన్యువే ఉన్న వాహకులా, జబ్బున్నవాళ్లా అన్నది తేలదు. పైగా తలసీమియా అనే ఇంకో పుట్టు రక్తజబ్బు జన్యువు ఉంటే అసలు కనబడదు. ఒకరి దగ్గర సికిల్, ఇంకొకరి దగ్గర తలసీమియా జన్యువు ఉన్నా బిడ్డకి జబ్బు రావచ్చు, అందుకే హెచ్‌పీఎల్‌సీయే కావాలంటున్నాం. మీకు రక్తహీనత ఉంటే ఆ మాట కూడా డాక్టరుకి చెప్పండి, ఐరన్ బాగా తక్కువగా ఉన్నప్పుడు తలసీమియా వాహకులని గుర్తుపట్టే అంకె కిందికి దిగి మామూలుగా కనిపిస్తుంది.

ఇద్దరిలో ఒక్కరికే ఉంటే బిడ్డకి జబ్బు రాదు, ఈ విషయంలో నిశ్చింతగా ఉండొచ్చు. ఇద్దరికీ ఉందని తేలితే నాలుగేళ్ల పాపకి కూడా పరీక్ష చేయించి, పుట్టబోయే బిడ్డకి పుట్టిన కొద్దిరోజుల్లోనే మడమ నుంచి రక్తపు చుక్క తీసి పరీక్ష చేయమని పిల్లల డాక్టరుకి ముందే చెప్పి ఉంచాలి. జబ్బుందని మొదటి నెలలోనే తెలిస్తే రెండు నెలల వయసు నుంచి పెన్సిలిన్ మొదలుపెడతారు. ఆరు వారాలు, 14 వారాలు, 9 నెలలప్పుడు వేసే న్యుమోకోకల్ టీకా ఒక్కటి కూడా తప్పకూడదు. సికిల్ పిల్లలని చిన్నతనంలో తీసుకుపోయేది ఎక్కువగా ఇన్ఫెక్షన్లే, ఆ మరణాలని ఈ రెండూ బాగా తగ్గిస్తాయి. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో ఉచితంగా పరీక్షలు చేస్తున్నారు. మీ వదినగారి అత్తవారి వైపు వాళ్లందరినీ కూడా పరీక్ష చేయించుకోమనండి.

ఇక బొడ్డుతాడు రక్తం సంగతికి వద్దాం.

బొడ్డుతాడులో, మాయలో మిగిలే రక్తంలో మూలకణాలు ఉంటాయన్నది నిజం. ఎముక మూలుగలో ఉండి ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తయారు చేసే కణాలే ఇవీ. 1988 అక్టోబరులో ప్యారిస్‌లో ఫాంకోనీ అనీమియా అనే పుట్టుజబ్బున్న ఒక అబ్బాయికి, అప్పుడే పుట్టిన చెల్లెలి బొడ్డుతాడు రక్తం ఎక్కించి బతికించారు. మొదటిసారి ఈ వైద్యం జరిగింది అప్పుడే. తర్వాత ప్రపంచం మొత్తం మీద 40 వేలకు పైగా ఇలాంటి మార్పిళ్లు జరిగాయి. ఇందులో గమనించాల్సింది ఆ అబ్బాయికి ఎక్కించింది ఎవరి రక్తం అన్నది. జబ్బు లేని చెల్లెలిది. ఏజెంటు చెప్పిన 80 రోగాల పట్టికలో ఎక్కువ భాగం ఇలాంటివే, ఇంకొకరి కణాలు కావాల్సినవే. బిడ్డ పేరున దాచిన బిడ్డ సొంత రక్తం వాటికి అక్కరకి రాదు.

సికిల్ సెల్, తలసీమియా పుట్టుకతో వచ్చే లోపాలు. ఆ లోపం ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది, దాచిపెట్టిన మూలకణాల్లో కూడా ఉంటుంది. వాటినే మళ్లీ ఎక్కించడమంటే తెగులు సోకిన నారునే తెచ్చి మళ్లీ నాటినట్టు. రక్త క్యాన్సర్ సంగతీ దాదాపు అంతే. చిన్నపిల్లల్లో వచ్చే లుకేమియాకి దారితీసే మార్పులు చాలామందిలో పుట్టినప్పటి రక్తంలోనే కనబడ్డాయి. పైగా ఇంకొకరి కణాలు ఎక్కిస్తే అవి మిగిలిపోయిన క్యాన్సర్ కణాలని పరాయివిగా గుర్తించి వెంటపడి చంపుతాయి, సొంత కణాలు ఆ పని చేయవు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2018లో ఇచ్చిన నివేదికలో, దాచిన తన రక్తం మొదటి 20 ఏళ్లలో తనకే పనికొచ్చే అవకాశం 0.04 నుంచి 0.0005 శాతం అని లెక్క చెప్పింది. 2,500 మందిలో ఒకరి నుంచి 2 లక్షల మందిలో ఒకరి వరకు అన్నమాట. ముందుజాగ్రత్త కోసం ప్రైవేటుగా దాచుకోవడాన్ని ఆ సంస్థ ప్రోత్సహించలేదు. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్ కూడా ఇదే మాట చెబుతూ వస్తోంది.

మావయ్యగారి కిడ్నీల విషయంలో ఏజెంటు చెప్పింది తప్పు. బొడ్డుతాడు మూలకణాలు రక్తాన్ని తయారు చేస్తాయి, గట్టిపడి ముడుచుకుపోయిన కిడ్నీని తిరిగి తయారు చేయలేవు. ఉద్దానం కిడ్నీ జబ్బుకి గానీ, షుగరు వల్లనో బీపీ వల్లనో వచ్చిన కిడ్నీ జబ్బుకి గానీ ఈ రక్తంతో ఆమోదం పొందిన వైద్యం ఏదీ లేదు. ఒకవేళ ఉన్నా కణాల లెక్క కుదరదు. మార్పిడికి ఒంటి బరువులో ప్రతి కిలోకీ కనీసం రెండున్నర కోట్ల కణాలు కావాలి. 60 కిలోల మనిషికి 150 కోట్లు. బొడ్డుతాడు రక్తం బాగా నిండిన ఒక సంచిలో ఉండే 80 మిల్లీలీటర్లలో ఉండేవే దాదాపు 80 కోట్లు, శుద్ధి చేసేటప్పుడు కొన్ని పోతాయి. అంటే ఒక సంచి 30 కిలోల పిల్లాడికి బొటాబొటీగా సరిపోతుంది. పెద్దవాళ్లకి చాలదు. పనిలో పనిగా ఒక మాట. మీ ఆయన ఉద్దానం గాలిలో, నీళ్లలో పెరిగిన మనిషి. ఏడాదికోసారి సీరం క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించండి. మీకు కూడా ఈ నెలలో మూత్రం, బీపీ చూసేటప్పుడు క్రియాటినిన్ కలిపి రాయమని డాక్టరమ్మని అడగండి.

మేనల్లుడి విషయంలో మాత్రం కొట్టిపారేయకుండా నెమ్మదిగా ఆలోచించాలి. ఎందుకంటే సికిల్ సెల్‌ని పూర్తిగా నయం చేసే మార్గాల్లో మూలకణాల మార్పిడి ఒకటి, అందులో తోడబుట్టినవాళ్ల బొడ్డుతాడు రక్తానికి మంచి స్థానమే ఉంది. కానీ అది తోడబుట్టినవాళ్లది. ఒకరి కణాలు ఇంకొకరి ఒంట్లో ఇమడాలంటే హెచ్‌ఎల్‌ఏ అనే కణాల గుర్తులు జోడీ కుదరాలి. ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో హెచ్‌ఎల్‌ఏ జోడీ పూర్తిగా కుదిరే అవకాశం నాలుగో వంతు. మేనమామ బిడ్డతో కుదిరే అవకాశం చాలా తక్కువ. మేనరికాలు తరతరాలుగా ఉన్న కుటుంబాల్లో ఎప్పుడైనా దూరపు చుట్టంతోనూ కుదురుతుంది, కాదనం. అయితే అది తెలియాలంటే ముందు అబ్బాయికి హెచ్‌ఎల్‌ఏ పరీక్ష జరగాలి. ఆ తర్వాత మీ బిడ్డకి చేయాలి. బిడ్డతో కుదిరిందంటే మాత్రం, బిడ్డ కాస్త పెద్దయ్యాక మూలుగ నుంచే కణాలు తీసుకోవచ్చు, ఆ దారి ఎప్పుడూ మూసుకుపోదు. జోడీ సరిగ్గా కుదరని బొడ్డుతాడు రక్తంతో సికిల్ సెల్‌కి మార్పిడి చేసినప్పుడు కొత్త కణాలు అతుక్కోకుండా పోవడం ఎక్కువగా జరిగింది. అందుకే ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో తల్లి లేదా తండ్రి నుంచి సగం జోడీతో చేసే మార్పిడి వైపు మొగ్గుతున్నారు.

కాబట్టి అత్తమ్మకి ఇలా చెప్పండి. గుంటడి కోసం ఆ 72 వేలు ఖర్చు పెట్టాలనే ఉంటే, వాడినీ వాడి తోడబుట్టినవాళ్లనీ ఒకసారి రక్తజబ్బుల నిపుణుల దగ్గరికి తీసుకెళ్లడానికి పెట్టండి. సికిల్ సెల్‌కి ఇచ్చే హైడ్రాక్సీయూరియా మందు వాడుతున్నాడా, ఎంత మోతాదు, టీకాలన్నీ పడ్డాయా, మెదడు రక్తనాళాల డాప్లర్ పరీక్ష ఏటా చేస్తున్నారా అన్నవి అడగాల్సిన ప్రశ్నలు. మార్పిడి కుదురుతుందో లేదో రాయవెల్లూరు సీఎంసీ లాంటి చోట్ల తేలుస్తారు. మీ వదినగారు మళ్లీ గర్భం దాల్చితే లెక్క మారుతుంది. అప్పుడు ఆ బిడ్డ బొడ్డుతాడు రక్తం తప్పకుండా తీసి ఉంచాల్సినదే. ఇంట్లో ఇప్పటికే జబ్బున్న బిడ్డ ఉండి తల్లికి ఇంకో కాన్పు వస్తున్నప్పుడు దాచడం మంచిదని ఐసీఎంఆర్ కూడా చెబుతోంది. ఆ పని మార్పిడి చేసే డాక్టరు రాసిన కాగితం మీద, ఆయన చెప్పిన బొడ్డుతాడు రక్తం బ్యాంకుతో జరగాలి. నర్సింగ్ హోము వరండాలో నింపిన ఫారంతో జరిగేది కాదు. మీ పాపకే సికిల్ సెల్ ఉందని తేలితే మీకూ ఇదే వర్తిస్తుంది. మేము పైన పరీక్ష తొందరగా అన్నది అందుకు కూడా.

రక్తం తీస్తే బిడ్డకి నీరసం వస్తుందా అని అడిగారు. చాలామంది అడగకుండా వదిలేసే ప్రశ్న ఇది. తీసేది బొడ్డుతాడు కోసిన తర్వాతే, బిడ్డ ఒంట్లోంచి కాదు, నొప్పి కూడా ఉండదు. ఏజెంటు చెప్పేదీ ఇంతవరకే. కోత ఎప్పుడు పడిందన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది.

బిడ్డ బయటికి వచ్చిన క్షణంలో బొడ్డుతాడు లావుగా, నీలంగా, మెలికలు తిరిగి, వేలితో పట్టుకుంటే నాడి కొట్టుకుంటూ ఉంటుంది. మాయలో ఉన్న రక్తం ఇంకా బిడ్డకి చేరుతూనే ఉంటుంది. మొదటి నిమిషంలో దాదాపు 80 మిల్లీలీటర్లు, మూడు నిమిషాలు ఆగితే 100 వరకు వెళుతుంది. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే మొత్తం రక్తమే సుమారు 240 మిల్లీలీటర్లు. దాంతో పోలిస్తే ఆ 80 మూడో వంతు. రెండు మూడు నిమిషాలకి నాడి ఆగి, తాడు చదునై తెల్లబడుతుంది. అప్పుడు కోస్తే ఆ రక్తంతో పాటు వెళ్లిన ఐరన్ బిడ్డకి మొదటి ఆరు నెలలు నిల్వ ఉంటుంది. తల్లిపాలలో ఐరన్ తక్కువ కాబట్టి బిడ్డ ఆ నిల్వ మీదే గడపాలి. మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిమిషం లోపు బొడ్డు కోయొద్దంటోంది. మన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలో కూడా ఆగి కోయడం ఒక భాగం. ఇలా చేసిన పిల్లల్లో కామెర్లకి లైటు కింద పెట్టాల్సిన అవసరం కాస్త పెరగొచ్చు, కాబట్టి మూడో రోజున కళ్లు, ఒళ్లు పచ్చబడ్డాయేమో చూపించుకోండి.

దాచే సంచి నిండాలంటే దీనికి సరిగ్గా ఎదురు జరగాలి. తాడు ఎంత తొందరగా కోస్తే సంచిలోకి అంత ఎక్కువ వస్తుంది. నిమిషం ఆగితే బాగా తగ్గుతుంది, మూడు నిమిషాలు ఆగితే చాలాసార్లు బ్యాంకుకి పనికొచ్చేంత మిగలదు. రెండూ జరుగుతాయి, ఏమీ తేడా రాదు అని ఎవరైనా చెబితే నమ్మకండి. రక్తం ఒకటే, అటైనా వెళ్లాలి, ఇటైనా వెళ్లాలి. మీ బిడ్డ విషయంలో మా మాట స్పష్టం. ఆ రక్తానికి సరైన చోటు బిడ్డ ఒళ్లే.

ఎవరికైనా దాచక తప్పని పరిస్థితి వస్తే ఏం జరుగుతుందో కూడా తెలిసి ఉండాలి, మీ వదినగారికైనా పనికొస్తుంది. కాన్పు గదిలోకి తెచ్చే పెట్టెలో గడ్డకట్టకుండా చేసే మందు ఉన్న ఒక సంచి, దానికి అతికించిన లావుపాటి సూది, తల్లి రక్తానికి గొట్టాలు, లేబుళ్లు ఉంటాయి. తాడు కోశాక పైభాగాన్ని స్పిరిట్‌తో, పోవిడోన్ అయోడిన్‌తో తుడిచి, ఆరనిచ్చి, మధ్యలో ఉన్న పెద్ద సిరలోకి సూది దించుతారు. సంచిని బల్లకన్నా కిందికి దించి పట్టుకుంటే రక్తం దానంతటదే జారుతుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు. ఆ సేపంతా సంచిని చేతిలో మెల్లగా అటూ ఇటూ ఊపుతూనే ఉండాలి, లేకపోతే మందు కలవక లోపల గడ్డలు కడతాయి, గడ్డల్లో చిక్కుకున్న కణాలు పోయినట్టే. మామూలు కాన్పులో మలం, స్రావాలు తాకి సూక్ష్మక్రిములు చేరే ప్రమాదం సిజేరియన్‌లో కన్నా ఎక్కువ. బ్యాంకులు కొన్ని సంచులని తిరగ్గొట్టడానికి ముఖ్యమైన కారణాలు ఇవే. పరిమాణం తక్కువ, గడ్డలు, క్రిములు, ఆలస్యం.

ఆలస్యం మన జిల్లాలకి అసలైన బెడద. సంచి 18 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఎండలో నిలబెట్టిన కారులో వదలకూడదు. నిబంధనల ప్రకారం 72 గంటల్లోగా శుద్ధి జరగాలి. ఎంత త్వరగా చేరితే అన్ని కణాలు బతికి ఉంటాయి. శ్రీకాకుళంలో శనివారం అర్ధరాత్రి కాన్పయితే సంచి విశాఖ చేరి, విమానం ఎక్కి, చెన్నైలో ఎవరో విప్పేసరికి ఎంత సేపవుతుందో గంటగంటకీ లెక్క అడగండి. మే నెల ఎండలు ఒకవైపు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోడ్లు, కరెంటు ఎలా పోయాయో మీకు తెలుసు. అలాంటి రోజు వస్తే సంచి సంగతి ఏమిటన్నది ఒప్పందంలో రాసి ఉండాలి.

బ్యాంకుకి చేరాక హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా లాంటి పరీక్షలు తల్లి రక్తానికి చేస్తారు. సంచిలో మొత్తం కణాలెన్ని, సీడీ34 కణాలు, అంటే మూలకణాలు ఎన్ని, ఎన్ని బతికున్నాయి, క్రిములున్నాయా అన్నవి చూస్తారు. తర్వాత ఎర్రకణాలని తీసేసి, రక్షక ద్రావణం కలిపి, మెల్లమెల్లగా చల్లబరిచి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో పెడతారు. ఈ అంకెలన్నీ ఉన్న రిపోర్టు మీ చేతికి రావాలి. సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి ఇచ్చినా అంకెలు లేకపోతే దానికి విలువ లేదు. బ్యాంకుకి ఔషధ నియంత్రణ శాఖ ఇచ్చే ఫారం 28-ఎఫ్ లైసెన్సు ఉందా, గడువు ఎప్పటివరకు అన్నది కాపీ తీసుకుని చూడాలి. 75 ఏళ్లు దాస్తామని కొందరంటారు. 27 ఏళ్లు నిల్వ ఉన్న రక్తంలో కణాలు బాగానే పనిచేస్తున్నాయని పరీక్షల్లో చూశారు, అంతకుమించి 75 అన్నది అమ్మేవాళ్ల మాట. కంపెనీ మూతపడితే? 2019లో స్విట్జర్లాండ్‌లోని ఒక పెద్ద బ్యాంకు మూతపడి, దాచుకున్న కుటుంబాల సంచులు పోలండ్‌కి తరలిపోయాయి. తమ సంచి ఏమైందో తెలియక తల్లిదండ్రులు నెలల తరబడి ఉత్తరాలు రాసుకున్నారు.

బొడ్డుతాడు ముక్క కూడా కలిపి దాస్తాం, దంతాల మూలకణాలు కూడా దాస్తాం అని ప్యాకేజీ పెంచితే అక్కడే ఆపండి. 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో దాచడానికి అనుమతి ఉన్నది బొడ్డుతాడు రక్తానికే. ఆటిజానికి, పిల్లల్లో వచ్చే మెదడు పక్షవాతానికి (సెరిబ్రల్ పాల్సీ) పనికొస్తుందన్న మాట కూడా అంతే, అవి ఇంకా పరిశోధనలో ఉన్నవే. ఆటిజానికి మూలకణ చికిత్స సిఫారసు చేయబోమని జాతీయ వైద్య కమిషన్ 2022 డిసెంబరులో చెప్పింది.

ఇప్పుడు దానం. మీ మనసు మంచిది, ఆ ఆలోచన రావడమే గొప్ప. ప్రజా బ్యాంకుకి ఇచ్చే దానం ఉచితం, ఆ సంచి మీది కాకుండా పోతుంది, జోడీ కుదిరిన ఎవరికైనా వెళుతుంది. కానీ అది ఎక్కడపడితే అక్కడ కుదరదు. ఆ ఆసుపత్రికి ప్రజా బ్యాంకుతో ముందే ఒప్పందం, సంచి తీయడం నేర్చిన సిబ్బంది, అదేరోజు తీసుకెళ్లే ఏర్పాటు ఉండాలి. కాన్పుకి ముందే తల్లి సంతకం, కుటుంబ జబ్బుల చరిత్ర కావాలి. దగ్గరి చుట్టాల్లో సికిల్ సెల్ ఉన్న కుటుంబం నుంచి, పరీక్షలు తేలకుండా తీసుకోరు. కాబట్టి మీ విషయంలో ఇది కుదిరేది కాదు. ప్రైవేటు బ్యాంకులు అందరిదీ కలిపి పంచుకునే పథకం అని అమ్ముతుంటాయి. అది దానం కాదు, డబ్బు కట్టి చేరే సభ్యత్వం. చేరినవాళ్లకే అక్కరకి వస్తుంది.

దానం చేయాలన్న కోరిక మీ ఆయన ద్వారా తీర్చుకోవచ్చు. దాత్రి లాంటి మూలకణ దాతల రిజిస్ట్రీలో 18 నుంచి 50 ఏళ్ల వాళ్లు ఎవరైనా పేరు రాయించుకోవచ్చు. బుగ్గ లోపల దూది పుల్లతో రుద్ది నమూనా తీస్తారు, అంతే. తెలుగువాళ్ల జోడీ తెలుగువాళ్లలో దొరికే అవకాశం ఎక్కువ కాబట్టి మన జిల్లాల పేర్లు ఆ పట్టికలో ఎన్ని ఉంటే అంత మేలు. దానికన్నా దగ్గరి పని, సికిల్ సెల్, తలసీమియా పిల్లలకి ఎక్కించే రక్తం. ఏడాదికి రెండు మూడుసార్లు రక్తనిధికి వెళ్లి ఒక యూనిట్ ఇస్తే ఎవరి బిడ్డకో అదే వారంలో అందుతుంది.

కాన్పు రోజు కోసం డాక్టరమ్మకి ఇప్పుడే చెప్పి, మీ ఫైలు మీద రాయించండి. "బిడ్డ బాగుంటే బొడ్డు కోయడానికి కనీసం ఒక నిమిషం, వీలైతే మూడు నిమిషాలు ఆగండి. బిడ్డని అమ్మ పొట్ట మీద పెట్టండి." సిజేరియన్ అయినా నిమిషం ఆగడం కుదురుతుంది. బిడ్డ ఏడవకపోయినా, మీకు రక్తస్రావం ఎక్కువైనా డాక్టరు వెంటనే కోయాల్సి రావచ్చు, అప్పుడు మాట్లాడొద్దు. కాన్పయిన నిమిషంలో మీకు ఇచ్చే ఆక్సిటోసిన్ సూది ఇందుకోసం ఆగదు, ఆగకూడదు. బిడ్డకి సికిల్ పరీక్ష అవసరమని తేలితే అది కూడా ఆ ఫైలు మీదే రాయించండి, మీ అమ్మగారితో కూడా చెప్పి ఉంచండి. నొప్పుల్లో మీకు గుర్తుండకపోవచ్చు.

కట్టిన 2,000 సంగతి. సంతకం పెట్టిన ఫారం మళ్లీ చదవండి, అందులో రద్దు చేసుకునే గడువు, తిరిగి ఇచ్చే మొత్తం రాసి ఉంటాయి. ఈఎంఐ కాగితం మీద కూడా సంతకం పెట్టారేమో చూడండి. ఆ అప్పు చాలాసార్లు వేరే ఫైనాన్స్ కంపెనీది, రక్తం దాచే బ్యాంకుతో రద్దు చేసుకున్నా అది దానంతటది ఆగదు, ఇద్దరికీ వేర్వేరుగా రాయాలి. ఏజెంటుతో ఫోన్లో మాట్లాడి ఊరుకోకుండా కంపెనీ ఈమెయిల్‌కి తేదీ వేసి, ఫారం నంబరు రాసి, "నమూనా సేకరణకి మా అంగీకారం ఉపసంహరించుకుంటున్నాం, కట్టిన డబ్బు తిరిగి ఇవ్వండి" అని పంపండి. అదే కాగితం ఒక కాపీ నర్సింగ్ హోములో ఇచ్చి, కాన్పు గదిలో సంచి తీయొద్దని మీ ఫైల్లో పెట్టించండి. ఇంటికి కిట్టు పెట్టె వచ్చి ఉంటే విప్పకుండా రసీదు తీసుకుని వాపసు ఇవ్వండి. నెల దాటినా జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అప్పటికీ తేలకపోతే కంపెనీ చెన్నైలో ఉన్నా సరే, మీరుండే జిల్లా కాబట్టి శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. 2019 చట్టం మీకు ఆ వీలు ఇచ్చింది.